రూట్ కెనాల్ మందు సైనస్‌లోకి వెళ్తే?

ప్రశ్న: రెండేళ్ల కిందట ఎడమవైపు పై దవడ పన్నుకు రూట్ కెనాల్ చేయించుకున్నాను. ఆర్నెల్లుగా ఎడమ ముక్కులోంచే చీము, దుర్వాసన. యాంటీబయాటిక్స్ ఆపగానే మళ్లీ మొదలవుతోంది. పంటి మందే కారణమా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: కావచ్చు. ఒకవైపే చీము, అందులోనూ దుర్వాసన ఉంటే ముందు పంటినే అనుమానించాలి. పై దవడ పళ్ల వేర్లకూ సైనస్‌కూ (ముక్కు పక్కన ఎముకలో ఉండే గాలి గది) మధ్య కొందరిలో పలుచని పొరే ఉంటుంది. వేరు కొస దాటి నింపితే సీలర్ (రూట్ కెనాల్‌లో నింపే మందు) పైకి పోతుంది. కొద్దిగా పోతే చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. కానీ జింక్ ఆక్సైడ్-యూజినాల్ రకం సీలర్ సైనస్‌లో నిలిచిపోతే, దాని చుట్టూ ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ ఉండకట్టవచ్చు. జింక్ దాని ఎదుగుదలకు తోడ్పడుతుందని భావిస్తున్నారు. ఆ ఉండ యాంటీబయాటిక్స్‌కు లొంగదు.

మామూలు పంటి ఎక్స్‌రేతో సరిపెట్టుకోకండి, సీబీసీటీ (దవడను త్రీడీలో చూపే స్కాన్) తీయించండి. సైనస్ మసకగా ఉండి, మధ్యలో లోహంలా తెల్లని చుక్క కనిపిస్తే ఈఎన్‌టీ వైద్యుణ్ని కలవాలి. ఎండోస్కోపీతో సైనస్ ద్వారం వెడల్పు చేసి ఉండనూ, మందునూ తీసేస్తారు. ఆరోగ్యవంతులకు సాధారణంగా ఫంగస్ మాత్రలు అక్కర్లేదు. వేరు కొసలో ఇన్‌ఫెక్షన్ మిగిలుంటే పంటికీ మళ్లీ చికిత్స చేయాలి, లేదంటే చీము తిరిగొస్తుంది.

కంటి చుట్టూ వాపు, చూపు రెండుగా కనిపించడం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. షుగర్ అదుపులో లేనివారు అసలు ఆలస్యం చేయకూడదు.