మాధవికి పెద్దమ్మ లేఖ: ఇటలీలో ఇంటిపేరు వెతకాలంటే

చి.ల.సౌ. మాధవికి,

పెద్దమ్మ ఆశీస్సులు. బుజ్జిదాని ఫొటోలు అందాయి. ముక్కు అచ్చం మీ అమ్మదే, ఎవరూ కాదనలేరు.

ఉత్తరం నిండా పాప కబుర్లు రాసి, అసలు సంగతి చివర పెట్టావు. అమెరికాలో ఉంటున్న ఇటలీ వంశపు మన అల్లుడుగారి ఇంటిపేరు గలవాళ్లు ఇప్పుడు ఇటలీలో పట్టుమని పది ఇళ్లు కూడా లేరని తెలిసిందనీ, ఆ పేరు ఎక్కడ పుట్టిందో, ఎందుకింత అరుదైపోయిందో పాప పెద్దదయ్యేలోగా తెలుసుకోవాలని ఆయనకు పట్టుదలగా ఉందనీ రాశావు. వెరోనాలో ముప్పై ఏళ్లకు పైగా ఉన్నదాన్ని, తెలిసినవాళ్ల కోసం పాత రిజిస్టర్లు ఎన్నో తిరగేసినదాన్ని. నన్ను అడగడం మంచిదైంది.

ముందుగా ఒక్క మాట గట్టిగా చెబుతాను. ఇంటిపేరు కింద సింహం బొమ్మ, కిరీటం వేసి చట్రం కట్టి అమ్మే దుకాణాల జోలికి వెళ్లవద్దు. వంశచిహ్నం అనేది ఒక కుటుంబానికి ఉంటుంది గానీ ఇంటిపేరుకు ఉండదు. అదే పేరున్న మరో కుటుంబానికి దాని మీద ఏ హక్కూ లేదు. పైగా 1948లో అమలులోకి వచ్చిన ఇటలీ రాజ్యాంగం ప్రభువుల బిరుదులను గుర్తించనే గుర్తించదు. ఆ డబ్బు విమానం టికెట్లకు దాచండి.

ఇక దారి చెప్పే ముందు ఒక ఇంటిపేరు కథ చెప్పాలి. నేను ఉండే చోటికి దగ్గరలోనే నిలిచిన పేరు అది. దాంతే అలిగియేరి కవి పేరు నువ్వు కాలేజీలో వినే ఉంటావు. అలిగియేరి అన్న ఇంటిపేరు ఎలా వచ్చిందో ఆయనే చెప్పుకున్నాడు. ఆయన 'డివైన్ కామెడీ' కావ్యంలో మూడో భాగమైన 'పరదీసో' (స్వర్గం) 15వ సర్గలో ఆయన ముత్తాత తండ్రి కచ్చాగ్విదా స్వర్గంలో ఎదురై, తన భార్య పో నది లోయ నుంచి వచ్చిందనీ, దాంతే ఇంటిపేరు అక్కడి నుంచే పుట్టిందనీ చెబుతాడు. ఆ ఇల్లాలు ఫెర్రారాలోని అల్దిగియేరి కుటుంబపు ఆడపడుచు అని ఆ తరువాత బొకాచ్చో అనే రచయిత రాశాడు. ఆమె తన కొడుకుకు పుట్టింటి పేరు పెట్టుకుంది. వాడుకలో మధ్యలోని 'ద' అక్షరం జారిపోయి అలిగియేరి అయింది. పేరు మూలం జర్మన్ జాతులది. 'పాత' అనే అర్థం ఉన్న ముక్క, 'ఈటె' అనే అర్థం ఉన్న ముక్క కలిసి అల్దిగర్ వంటి పేరు ఏర్పడింది. అది మొదట ఒక మనిషి పేరు, తరువాతే ఇంటిపేరు. దాంతే తండ్రి పేరు కూడా అలిగియేరోనే. లాటిన్‌లో ఆయనను 'దాంతేస్ అలగేరీ' అని రాసేవారు. అంటే అలగేరియో కొడుకు, అలగేరియో ఇంటివాడు అని. ఆ నాటి కాగితాల్లో ఇదే పేరు నాలుగైదు రకాలుగా కనిపిస్తుంది. ఏ ఒక్కటీ తప్పు కాదు.

దాంతే 1265లో పుట్టాడు. 1302లో ఫ్లోరెన్స్ నుంచి వెలివేశారు. 1321లో రావెన్నాలో కన్నుమూశాడు. కొడుకు పియెత్రో వెరోనాలో న్యాయమూర్తిగా స్థిరపడి, 1353లో వల్పొలిచెల్లా కొండల్లోని గర్గన్యాగో అనే పల్లెలో భూములు కొన్నాడు. అప్పటికే ఇంటిపేరు పుట్టినూరిని విడిచి వచ్చేసింది. ఎంతగా విడిచిందో ఫ్లోరెన్స్ చాన్సలర్ లియొనార్దో బ్రూని 1436లో రాసిన దాంతే జీవితంలో ఉంది. దాంతే మునిమనవడు లియొనార్దో కొందరు వెరోనా యువకులతో కలిసి ఫ్లోరెన్స్ వచ్చాడట. పూర్వీకుల ఇళ్లు ఎక్కడున్నాయో అతనికి తెలియదు. బ్రూనియే వెంట తీసుకువెళ్లి, ఇదిగో ఇది మీ ముత్తాతల ఇల్లు అని చూపించి, వాళ్ల సంగతులు చెప్పాడు. ఆ భాగం చదివినప్పుడల్లా నాకు మన పిల్లలే గుర్తుకొస్తారు. అమెరికాలో పుట్టి, సెలవులకు వచ్చి, తాతగారి ఊళ్లో ఎవరో పెద్దాయన చేయి పట్టుకుని పాత ఇంటి అరుగు చూపిస్తే నోరు తెరుచుకుని చూసే పిల్లలు.

వెరోనా అలిగియేరీలు రెండు వందల ఏళ్లు నిలిచారు. 16వ శతాబ్దం నడిమికి మగసంతానం ఆగిపోయింది. 1549లో జినెవ్రా అలిగియేరి అనే అమ్మాయి మార్కాంతోనియో సేరెగో అనే ప్రభువును పెళ్లి చేసుకుంది. ఆమె సంతతి రెండు పేర్లూ కలిపి సేరెగో అలిగియేరి అయింది. గర్గన్యాగోలోని ఆ ఎస్టేటు నేటికీ వాళ్ల చేతిలోనే ఉంది. ఆ ఇంటి వారసుల్లో ఒకరు ఫ్లోరెన్స్‌లోని ఆర్చెత్రి అబ్జర్వేటరీలో పనిచేసిన ఖగోళ శాస్త్రవేత్త. తన కావ్యం మూడు భాగాలనూ 'నక్షత్రాలు' అన్న మాటతోనే ముగించిన కవి ఇంట్లో ఆకాశం చూసేవాడు పుట్టాడు! ఒక శరదృతువులో నేను గర్గన్యాగో వెళ్లాను. కోసిన ద్రాక్షగుత్తులను వెదురు తడికెల మీద ఒక్కొక్కటి తాకకుండా పేర్చి ఆరబెట్టి ఉంచారు. ఆ గది నిండా తియ్యటి, కొంచెం పులిసిన వాసన. అలిగియేరి అన్న ముక్క అక్కడ బోర్డు మీద చూసి చాలాసేపు నిలబడిపోయాను.

ఈ కథ ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, అది ఒక ఇల్లాలితో మొదలై, నాలుగు వందల ఏళ్ల తరువాత మరో ఇల్లాలి వల్ల బతికింది. మధ్యలో మగవాళ్ల జాబితా ఒక్కటే పట్టుకుని కూర్చున్నవాడికి అటు ఆరంభమూ దొరకదు, ఇటు కొనసాగింపూ దొరకదు. మీరు కూడా తాత, ముత్తాత అంటూ నిలువుగా ఒకే గీత గీయకండి. ప్రతి తరంలో వచ్చిన కోడలి పుట్టింటి పేరు పక్కన రాయండి. ఇటలీలో ఇది మనకంటే సులువు. ఇక్కడ పెళ్లయినా ఆడవాళ్లు పుట్టింటి పేరుతోనే కాగితాల్లో ఉంటారు, మరణ నమోదులో కూడా.

సరే, పని ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంటిపేరుతో కాదు, ఊరితో. ఇటలీలో జనన మరణాల పుస్తకాలు ఊరి మునిసిపాలిటీ వారీగా ఉంటాయి. 'మాది నేపుల్స్' అని ఇంట్లో చెప్పుకుంటూ వచ్చినవాళ్ల ఊరు నేపుల్స్‌కు నలభై కిలోమీటర్ల దూరంలోని కొండపల్లె కావచ్చు. గుంటూరు దగ్గర ఏ పల్లెటూరి వాళ్లయినా బయటివాళ్లకు గుంటూరు అనే చెబుతారు కదా, అలాగే. అల్లుడుగారి ముత్తాత అమెరికా వచ్చిన ఓడ జాబితా, పౌరసత్వపు కాగితాలు, న్యూజెర్సీ చర్చిలో జరిగిన పెళ్లి నమోదు, వీటిలో ఎక్కడో ఒకచోట సరైన ఊరి పేరు దొరుకుతుంది. న్యూయార్క్ రేవులో వలసదారులను తనిఖీ చేసిన ఎల్లిస్ ద్వీపంలో గుమాస్తా పేరు మార్చేశాడని ఆయన ఇంట్లో చెబుతూ ఉండవచ్చు. 1892లో తెరిచిన ఆ కేంద్రంలో అధికారులు ఓడ బయలుదేరిన రేవులోనే రాసిన జాబితా చూసి పిలిచేవారు, కొత్త పేర్లు పెట్టేవారు కాదు. పేరు మారితే ఆ తరువాత బడిలోనో, ఫ్యాక్టరీలోనో, ఇంటివాళ్ల ఇష్టంతోనో మారి ఉంటుంది. కాబట్టి అక్షరాల కూర్పు ఎన్ని రకాలుగా ఉండవచ్చో ముందే ఒక కాగితం మీద రాసుకోండి. ఒక హల్లు రెట్టించి, ఒక హల్లు వదిలేసి, చివరి అచ్చు మార్చి. అలిగియేరి పేరుకు జరిగినదంతా ఏ పేరుకైనా జరుగుతుంది.

ఊరు తెలిశాక ప్రభుత్వ పత్రభాండాగారాలవారు నడిపే 'అంతెనాతి' వెబ్‌సైటు చూడండి. పాత రిజిస్టర్ల పుటలు ఉచితంగా చూడవచ్చు. దక్షిణ ఇటలీలో చాలాచోట్ల పౌర నమోదు 1809లోనే మొదలైంది. దేశమంతటికీ కలిపి 1866లో, మా వెనెతో ప్రాంతంలో 1871లో. అంతకు ముందు కాలానికి చర్చి పుస్తకాలే దిక్కు. 1563లో క్యాథలిక్ చర్చి పెద్దల ట్రెంట్ మహాసభ బాప్టిజాలు, పెళ్లిళ్లు రాసి ఉంచాలని ఆదేశించింది. ఫాదరీగారికి ఇటాలియన్‌లో మర్యాదగా ఉత్తరం రాయండి, చర్చికి కొంత కానుక జతచేయండి, రెండు నెలలు ఓపిక పట్టండి. ఒక్కరే ఫాదరీ మూడు నాలుగు ఊళ్ల చర్చిలు చూసుకుంటూ ఉంటారు.

దక్షిణాది పెళ్లి కాగితాలకు జతచేసిన దస్తావేజులను మాత్రం ఎప్పుడూ వదలవద్దు. వరుడి తండ్రి చనిపోయి ఉంటే ఆయన మరణ పత్రం, తాత కూడా లేకపోతే ఆయనదీ జతపరచాలని అప్పటి నియమం. ఒక్క పెళ్లి కట్ట విప్పితే మూడు తరాలు చేతికి వస్తాయి.

ఇంకొకటి, నాకు ఖరీదైన పాఠం. పాత నమోదుల్లో మనిషి పేరు తరువాత 'ది' అని ఉంటే తండ్రి బతికి ఉన్నాడని, 'ఫు' అని ఉంటే చనిపోయాడని అర్థం. ఒక స్నేహితురాలి కోసం వెతుకుతున్నప్పుడు ఆ రెండక్షరాలను పట్టించుకోకుండా, అదే పేరున్న వేరే మనిషి వెంట ఐదు నెలలు తిరిగాను. ఆమె తల్లికి ఆ వంశవృక్షం చదివి వినిపించాను కూడా. తప్పని తెలిశాక మళ్లీ వెళ్లి చెప్పవలసి వచ్చింది. అప్పటికి ఆ పెద్దావిడ దాన్ని గోడకు తగిలించుకుంది. ఆ ముఖం నేను మరచిపోలేను. పేరు కలిసిందని సంతోషించకండి. ఊరు, వయసు, తల్లి పేరు, తండ్రి పేరు ముందున్న ఆ చిన్న మాట, నాలుగూ కలిసినప్పుడే కాగితం మీద సిరా పెట్టండి. 19వ శతాబ్దంలో గొత్తార్దో అల్దిగియేరి అనే పేరున్న బారిటోన్ గాయకుడు ఇక్కడ ఉండేవాడు. పేరు ఒక్కటి చూసి ఆయనను దాంతే వంశంలో కలిపేస్తామా?

వెతుకుతూ పోతే తండ్రి పేరు ఉండవలసిన చోట 'ఎన్.ఎన్.' అన్న రెండక్షరాలే ఎదురు కావచ్చు. తండ్రి ఎవరో చెప్పలేదని. లేదా ఆ బిడ్డ అనాథాశ్రమపు ద్వారం దగ్గర విడిచినది కావచ్చు. ఎస్పొజితో, ఇన్నొచెంతి, ప్రొయెత్తి వంటి ఇంటిపేర్లు అలా వచ్చినవే. ఫ్లోరెన్స్‌లో 1445లో తెరిచిన ఇన్నొచెంతి ఆశ్రమం మ్యూజియంలో, తల్లులు బిడ్డ ఒంటిమీద విడిచివెళ్లిన గుర్తులు ఉన్నాయి. సగానికి విరిచిన పతకాలు. మిగతా సగం తల్లి దగ్గర ఉండేది, ఎప్పటికైనా వచ్చి జత కలిపి తన బిడ్డను అడగవచ్చని. అల్లుడుగారి వెతుకులాట అక్కడ ఆగితే ఆయనను బాధపడనివ్వకు. మ్యూజియానికి తీసుకువెళ్లి ఆ సొరుగులు చూపించు.

అరుదు అన్న మాట గురించి. పది ఇళ్లు అన్న లెక్క ఇంటిపేర్ల పటం చూసి చెప్పినదే అయి ఉంటుంది. అవి చాలావరకు టెలిఫోన్ డైరెక్టరీల నుంచి తయారైనవి, డైరెక్టరీలో లేనివాళ్లు అందులో ఉండరు. అందుకే ఆ సంఖ్యను నమ్మకు, చుక్కలు ఏ లోయలో గుమికూడాయో మాత్రం చూడు. అది పుట్టిల్లు కావచ్చు. పేర్లు తండ్రి నుంచి కొడుకుకే వెళుతున్నంతకాలం కొన్ని ఆరిపోక తప్పదని గాల్టన్, వాట్సన్ అనే ఇద్దరు 1870లలోనే లెక్క కట్టి చూపించారు. ఆడపిల్లలే పుట్టిన ఒక్క తరం చాలు. ఆ కట్టు 2022లో ఇక్కడ సడలింది. రాజ్యాంగ న్యాయస్థానం 131వ నంబరు తీర్పులో, తల్లిదండ్రులు మరోలా ఒప్పుకుంటే తప్ప బిడ్డకు ఇద్దరి ఇంటిపేర్లూ ఉండాలని చెప్పింది. ఆ రోజు వార్త విని నాకు జినెవ్రాయే గుర్తుకొచ్చింది. మన పాపకు అల్లుడుగారి పేరుతో పాటు మన ఇంటిపేరు కూడా పెట్టడానికి మీ రాష్ట్రంలో వీలుందేమో ఒకసారి కనుక్కో. వాళ్ల పేరు అరుదైతే, మన పేరు ఆ దేశంలో ఇంకెంత అరుదో చూడు.

అల్లుడుగారి నాయనమ్మ దాచిన పెళ్లి కాగితం ఉందని రాశావు కదా. ముందు వైపే కాదు, వెనక వైపు, అంచుల్లో పెన్సిలు రాతలు కూడా కనిపించేలా పగటి వెలుగులో ఫొటోలు తీసి పంపు. ముడతలు సాపు చేయాలని ఇస్త్రీ పెట్టవద్దు, టేపు అంటించవద్దు. ఊరి పేరు చదవగలిగితే వచ్చే నెల నేనే ఆ మునిసిపాలిటీకి ఫోను చేస్తాను.

బుజ్జిదానికి ముద్దులు.

మీ పెద్దమ్మ
వెరోనా