పాత బొలెరో పికప్ లోడు మీద గుంజుతలేదంటే పంపు కన్నా ముందు ఏం చూడాలె?

మీరు రాసింది ఇది: 2010 మోడల్ బొలెరో పికప్, డీఐ ఇంజన్, ఖాళీగా బాగానే పోతది. నర్సంపేట దిక్కు నుంచి ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు వేసుకుని వస్తే అరగంటకు పికప్ పడిపోతది, టాప్ గేరులో 40 దాటదు. పొగ పెద్దగా లేదు. మేస్త్రి డీజిల్ పంపు (నాజిళ్లకు ప్రెషర్‌తో డీజిల్ పంపేది) విప్పాలంటున్నడు.

అన్నా, పంపు ఇప్పుడే విప్పనీయకండి. పొగ లేకుండా పవర్ పోయిందంటే ఇంజన్‌కు డీజిల్ అందుతలేదని ఎక్కువ అనుమానం. గాలి చాలకపోతే నల్లపొగ దంచి కొడ్తది. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతున్నది. ఇంజన్ వేడెక్కినంక కూడా తెల్లపొగ, కండ్లు మండే వాసన ఉంటే డీజిల్ సరిగ్గ కాలుతలేదు, అది నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది), టైమింగ్ (డీజిల్ చిమ్మే సమయం), కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఒత్తిడి) దిక్కు పోతది. పంపు లోపల అరిగితే మామూలుగా వేడి మీద స్టార్టింగ్ కూడా మొండికేస్తది, సెల్ఫ్ చాలాసేపు కొట్టాలె. ఆ మాట మీరు రాయలేదు.

మొదట, లోపం ఇంజన్‌దా లేక బండిని ఏదన్నా పట్టుకుంటున్నదా తేల్చుకోండి. హ్యాండ్ బ్రేక్ గట్టిగ గుంజి, థర్డ్ గేరు వేసి, కొంచెం రేజ్ ఇచ్చి క్లచ్ మెల్లగ వదలండి. ఇంజన్ ఆగిపోవాలె. ఆగకుండా తిరుగుతనే ఉంటే క్లచ్ జారుతున్నది. ఇంకోటి, బ్రేక్ ఎక్కువ వాడకుండా ఐదారు కిలోమీటర్లు తోలి నాలుగు చక్రాల బ్రేకుల దగ్గర చెయ్యి పెట్టి (తాకకుండా) చూడండి. ఒకటి కాగుతుంటే ఆ బ్రేక్ పట్టుకుంది.

ఇగ డీజిల్ లైను. పైసా ఖర్చు లేని పని ట్యాంకు మూత. బండి బాగా డల్ అయినప్పుడు పక్కకు ఆపి మూత తిప్పండి. ‘స్స్’ అని గాలి లోపలికి గుంజుకుని, ఆ తర్వాత బండి మళ్ల పికప్ అందుకుంటే మూతలో గాలి రంధ్రం మూసుకుపోయింది. డీజిల్ తగ్గే కొద్దీ ట్యాంకులో వాక్యూమ్ పెరిగి డీజిల్ రానివ్వదు. మొదట బాగుండి అరగంటకు చెడేది సరిగ్గ ఇట్లనే ఉంటది.

మూత మంచిగుంటే క్యాన్ టెస్ట్ చేయండి. ఐదు లీటర్ల క్యాన్‌లో శుభ్రమైన డీజిల్ పోసి, ట్యాంకు నుంచి వచ్చే పైపును ఫిల్టర్ దగ్గర (ఫిల్టర్ కన్నా ముందు ఫీడ్ పంపు, అంటే ట్యాంకు నుంచి డీజిల్ గుంజే చిన్న పంపు ఉంటే దాని దగ్గర) విప్పి, దాని బదులు కొత్త పైపు క్యాన్‌లోకి పెట్టండి. రిటర్న్ పైపు కూడా క్యాన్‌లోకే రావాలె, లేకుంటే డీజిల్ ట్యాంకులోకి పోయి క్యాన్ తొందరగ ఖాళీ అయితది. క్యాన్‌ను సైలెన్సర్‌కు దూరంగ, ట్యాంకు ఎత్తులోనే కట్టండి. చాలామంది పైన కట్టేస్తరు. పైన ఉంటే డీజిల్ తనంత తనే దిగి, లైనులో ఉన్న లోపాన్ని కప్పేస్తది. తర్వాత లోడుతో కాజీపేట బ్రిడ్జి లాంటి ఎత్తు ఎక్కించండి. గుంజితే తప్పు ట్యాంకులోదో ట్యాంకు పైపుదో: లోపలి జాలీకి పట్టిన మడ్డి, తుప్పు పట్టిన లైను, చీలిన రబ్బరు పైపు.

క్యాన్‌తో కూడా గుంజకపోతే ఫిల్టర్ చూడండి. కింది స్క్రూ వదులు చేసి గ్లాసులోకి పట్టండి, నీళ్లుంటే అడుగున విడిగా నిలుస్తయి. డ్రమ్ములతో, క్యాన్లతో పోసే డీజిల్‌లో నీళ్లూ మట్టీ ఎక్కువ, అట్లాంటి బండికి మాన్యువల్‌లో చెప్పిన దాంట్ల సగానికే ఫిల్టర్ మార్చాలె. మార్చేటప్పుడు పాత రబ్బరు వాచరు పైన హెడ్‌కే అంటుకుని ఉండిపోతది. దాని మీద కొత్తది బిగిస్తే డీజిల్ బయటికి కారకున్నా గాలి లోపలికి పోవచ్చు. వేలు పెట్టి తడిమి చూసుకోండి. తర్వాత లోపలి గాలి తీసే స్క్రూ వదులు చేసి, బుడగల్లేని డీజిల్ వచ్చేదాక హ్యాండ్ పంపు కొట్టి బిగించాలె. ఫీడ్ పంపు ఉన్న ఇంజన్‌లో దాని ఇన్‌లెట్ బోల్టు దగ్గర చిన్న జాలీ ఉంటది, దాన్ని ఎవరూ తియ్యరు. గాలి గుంజుతున్నదని అనుమానమైతే ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య అడుగు పొడవు పారదర్శక పైపు పెట్టి రేజ్ చేయండి. సన్న బుడగలు ఆగకుండా పోతుంటే కీళ్లు, క్లిప్పులు, రాగి వాచర్లు ఒక్కొక్కటి చూసుకుంట పోవాలె.

ఇంకో చిన్నది: ఎక్సలేటర్ వైరు. ఇంజన్ ఆపి, ఒకరు పెడల్ పూర్తిగ తొక్కితే ఇంకొకరు పంపు లివర్ చూడండి. లివర్ ఫుల్ స్టాపర్‌కు తగలాలె. ఖాళీ మిగిలితే వైరు సాగింది, లేదా పెడల్ కింద మందం మ్యాట్ అడ్డమున్నది. నట్టు తిప్పి సరిచేయండి. పంపు మీద సీలు వేసిన, డీజిల్ కొలత పెట్టే స్క్రూ మాత్రం తిప్పనీయకండి. పికప్ వచ్చినట్టే అనిపిస్తది, కానీ నల్లపొగ, డీజిల్ ఖర్చు, పిస్టన్ మీద వేడి అన్నీ పెరుగుతయి.

పంపు మీద టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపేది) గాలికి గుండ్రటి డయాఫ్రం డబ్బా ఉంటే, మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పోయే గొట్టం) నుంచి దానికి వచ్చే సన్న పైపు చూడండి. అది పగిలితే పంపుకు బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) తెల్వదు, లోడు మీద అదనపు డీజిల్ ఇయ్యదు. పొగ లేకుండా పవర్ పోయే ఇంకో కారణం ఇది.

పొగ నల్లగా ఉన్నవాళ్లు గాలి దిక్కు నుంచి మొదలుపెట్టండి. పత్తి, మిర్చి మోసే బండ్లకు ఎయిర్ ఫిల్టర్ తొందరగ నిండుతది. గాలి తక్కువ ఫోర్సుతో లోపలి నుంచి బయటికి కొట్టండి, నీళ్లు తగలనీయొద్దు. ఫిల్టర్ నుంచి టర్బోకు పోయే పైపు రేజ్ ఇచ్చినప్పుడు అణుగుతున్నదా చూడండి. బయట మంచిగున్న పైపులో కూడా లోపలి పొర ఊడి దారి మూస్తది. టర్బో నుంచి ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది), మానిఫోల్డ్ దాక క్లిప్పుల దగ్గర ఆయిల్ తడి గీతలుంటే బూస్ట్ అక్కడే పోతున్నది. టర్బో షాఫ్ట్ ఇంజన్ చల్లగున్నప్పుడు పట్టి చూడండి: పక్కలకు కొద్దిగ కదిలితే ఫర్వాలేదు, ముందుకు వెనక్కు కదలొద్దు, ఫ్యాన్ గోడకు తగలొద్దు. ఈజీఆర్ (పొగను కొంత మళ్ల ఇంజన్‌లోకి పంపే వాల్వు) ఉన్న బండైతే అది తెరిచే ఉండిపోయిందేమో కూడా చూడాలె.

నాజిల్ అనుమానముంటే, ఐడిల్‌లో ఒక్కో నాజిల్ పైపు నట్టు కొద్దిగ వదులు చేయండి. కండ్లద్దాలు పెట్టుకుని, చెయ్యి దూరంగ ఉంచి. ఏది వదిలితే ఇంజన్ శబ్దం మారలేదో ఆ సిలిండర్ పని చేస్తలేదు. ఇది పాత మెకానికల్ పంపు బండ్లకే. సీఆర్‌డీఈ (కంప్యూటర్ అదుపులో నడిచే కామన్ రైల్) ఇంజన్‌లో అస్సలు చేయొద్దు, ఆ ప్రెషర్‌కు డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతది. నాజిళ్లు తీస్తే రాగి వాచర్లు కొత్తయే వేయాలె, పాతది గుంతలో మిగిలిందా టార్చి కొట్టి చూడాలె. సిలిండర్ పని చేస్తలేదు, నాజిల్ మాత్రం మంచిగనే ఉందంటే టాపెట్ గ్యాపు (వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు), కంప్రెషన్ చూడాల్సిందే.

ఇవన్నీ మంచిగున్నయని తేలితేనే పంపు. టెస్ట్ బెంచ్ ఉన్న షాపుకే ఇవ్వండి. విప్పే ముందు పంపు ఫ్లాంజి మీద, ఇంజన్ బాడీ మీద కలిసేటట్టు ఉలితో ఒక గీత గీయించండి. గీత లేకుండా తీసి పెడితే టైమింగ్ కొద్దిగ జరిగినా పొద్దున తెల్లపొగ గానీ, లోడు మీద టకటక శబ్దం గానీ మొదలైతది, మేస్త్రి మళ్ల నాజిళ్ల మీద పడ్తడు.