ముందు డాబా ఎక్కి చూడు

చిరంజీవి చిన్నాకి,

మామయ్య ఆశీస్సులు. మిల్లు కెమెరాల కోసం ఇంటికీ మిల్లుకీ మధ్య వైర్‌లెస్ లింకు వేద్దామనుకుంటున్నానని, ఐదు కిలోమీటర్లు పనిచేసే డబ్బాలు ఇస్తానని షాపతను అన్నాడని రాశావు. డబ్బాల సంగతి తర్వాత చూద్దాం. ముందు నువ్వు డాబా ఎక్కి మిల్లు వైపు చూడు. మిల్లు ఆఫీసు గోడ కనిపిస్తోందా, కొబ్బరి మట్టలు అడ్డొస్తున్నాయా? ఆ ఫొటో నాకు పంపు.

మధ్యలో కాలవ, ఆర్ అండ్ బీ రోడ్డు ఉన్నాయి కాబట్టి నీకు వైర్‌లెస్సే దిక్కు. లేకపోతే తవ్వి ఫైబర్ వేసుకోమనేవాణ్ణి. మిల్లు ఆవరణలో ఉన్న కాటా రూముకి మాత్రం ఫైబరే లాగు. మామూలు రాగి నెట్‌వర్క్ కేబుల్‌ని వంద మీటర్లకు మించి నమ్మకూడదు. పైగా రెండు బిల్డింగుల మధ్య రాగి లాగితే, పిడుగు ఒకచోట పడినా రెండోచోట స్విచ్చులు కూడా పోవచ్చు.

కంటికి కనిపించినంత మాత్రాన సరిపోదు. రేడియో తరంగం దారంలా సన్నగా పోదు. నూలు చుట్టిన కదురులా చివర్లలో సన్నగా, మధ్యలో లావుగా ఉంటుంది. నీ 600 మీటర్ల దూరానికి 5.8 గిగాహెర్ట్జ్ మీద సరిగ్గా మధ్యలో, రెండు డబ్బాలనీ కలిపే తిన్నని గీతకి అన్ని వైపులా సుమారు 2.8 మీటర్ల లావు. అందులో 60 శాతమైనా ఖాళీగా ఉండాలి. అంటే గీతకి కిందా పక్కలా దాదాపు 1.7 మీటర్ల లోపల ఏ కొమ్మా తగలకూడదు. అదే 2.4 అయితే లావు 4.3 మీటర్లు, పైగా ఊళ్లో అందరి వైఫై గోలా అక్కడే. 5 గిగాహెర్ట్జ్‌దే కొను. 2018 నుంచి 5150-5350, 5470-5875 మెగాహెర్ట్జ్‌లకి లైసెన్సు అక్కర్లేదు, పవర్‌కి మాత్రం హద్దుంది. సెట్టింగుల్లో వేరే దేశం పేరు పెడితే పవర్ పెరుగుతుందని కుర్రాళ్లు చెబుతారు. వినకు.

చెట్ల విషయంలో నేను తిన్న దెబ్బ చెబుతా. ఒక కాలేజీలో హాస్టలుకీ లైబ్రరీకీ లింకు వేశాను. మాఘమాసం చివర, దారిలో రావిచెట్టు మోడై ఉంది. సిగ్నల్ మైనస్ 56 వచ్చింది (ఈ నంబరు సున్నాకి ఎంత దగ్గరైతే సిగ్నల్ అంత బలం), అందరికీ చూపించుకుని మురిసిపోయాను. ఉగాది వచ్చేసరికి మైనస్ 80. డబ్బా మార్చాను, కేబుల్ మార్చాను, కనెక్టర్లు కొత్తవి కొట్టాను. రెండో రోజు సాయంత్రం నిచ్చెన మీద నుంచి తల తిప్పితే చెట్టు నిండా లేత ఆకులు! ఆకులో ఉండేది నీళ్లే కదా, తరంగాన్ని తాగేస్తుంది. మీ కాలవ గట్టు మీది కొబ్బరిచెట్లు అలా మోడవ్వవు గానీ, గాలికి మట్ట ఊగితే సిగ్నలూ ఊగుతుంది. అవి ఇంకా పెరుగుతాయి కూడా. డబ్బా బిగించే పైపు ఎత్తు ఇవాల్టి చెట్టుని చూసి కాదు, నాలుగేళ్ల తర్వాతి చెట్టుని ఊహించుకుని పెట్టు.

మిల్లు వైపు పైపుని షెడ్డు రేకులకి బిగించకు. మిల్లు ఆడుతుంటే రేకులు అదురుతాయి, గురి తప్పుతుంది. ఆఫీసు ఇటుక గోడకి క్లాంపులతో బిగించి, డబ్బా రేకుల పైకి వచ్చేలా చూడు. కరెంటు ఇచ్చే ఇంజెక్టర్‌ని తవుడు దుమ్ము పడని గదిలో పెట్టు. అది 24 వోల్టులదా, 48దా అని చూడు, ఒకదానిది ఇంకోదానికి పెడితే డబ్బా కాలిపోవచ్చు. బయట లాగే కేబుల్ ఎండకి ఆగే నల్ల తొడుగుది తీసుకో. గోడలోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు వదిలితే వాన నీళ్లు అక్కడే కారిపోతాయి. ఎర్తింగ్ రెండు వైపులా కావాలి, యూపీఎస్ కూడా అంతే. ఇంట్లో ఒక్కచోటే పెడితే కరెంటు పోయిన రాత్రే నీ కెమెరాలు కళ్లు మూసుకుంటాయి.

డబ్బా మీద 300 ఎంబీపీఎస్ అని రాసి ఉన్నా దానికి కేబుల్ గుచ్చే పోర్టు 100దే అయితే అంతకు మించి రాదు. ఫర్వాలేదు, ఎనిమిది కెమెరాలకి తలా 4 వేసుకున్నా 32 చాలు. రెండు డబ్బాలనీ బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే ఇల్లూ మిల్లూ ఒకే నెట్‌వర్క్‌లా కలిసేలా పెట్టి, పాస్‌వర్డ్ మార్చు. ఐపీలు, అంటే నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఉండే అడ్రసు నంబర్లు, పంచే పని ఇంటి రౌటర్‌కి ఒక్కదానికే ఇవ్వు. మిల్లులో పాత రౌటర్ కూడా పంచుతుంటే ఏ కెమెరా ఎక్కడుందో తెలీక టెన్షన్ పడతావు.

గురి కుదర్చడానికి ఇద్దరు కావాలి, చెవిలో ఫోన్లతో. ఒక వైపు కదలకుండా ఉంచి, రెండో వైపు వేలెడు వేలెడు తిప్పాలి. నంబరు పెరిగి, తగ్గి, మళ్లీ పెరగొచ్చు. మొదట దొరికినచోటే బిగించేస్తే, డబ్బా అసలు గురికి పక్కగా చిమ్మే బలహీనమైన సిగ్నల్‌కి మోసపోతావు. పూర్తిగా ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి, అన్నిటికన్నా బాగున్నచోట ఆపు. మైనస్ 50, 65 మధ్య వస్తే బోల్టులు బిగించెయ్.

ఆదివారం వస్తాను. మిల్లు వైపు నువ్వు ఎక్కు. నన్ను ఎక్కనివ్వదు మీ అమ్మ, కాబట్టి ఇంటి డబ్బాని మనవాళ్లెవరితోనైనా ముందే బిగించి ఉంచు. కింద కుర్చీ వేసుకుని నంబర్లు నేను చదువుతాను.

ఇట్లు,
మామయ్య