అక్క పెళ్లికి బాబును ఇప్పుడు రమ్మనకండి

ప్రశ్న: మా బాబు డాలస్‌లో ఎంఎస్ మూడో సెమిస్టర్‌లో ఉన్నాడు. పది రోజుల కిందట ఫ్రెండ్ పుట్టినరోజుకి వెళ్లి కారులో తిరిగొస్తుంటే, తాగి నడిపాడని పోలీసులు ఒక రాత్రి జైల్లో పెట్టారు. నిన్న వీసా రద్దయిందని ఈమెయిల్ వచ్చింది. ఫిబ్రవరిలో వాళ్లక్క పెళ్లి. వచ్చి కొత్త వీసా వేయించుకుని వెళ్తానంటున్నాడు. కారు ఇన్సూరెన్స్ కూడా బాగా పెరుగుతుందట. ఏం చేయాలి? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు పెళ్లి సంగతే చెబుతాను. బాబును రావద్దనండి. తల్లితో ఈ మాట అనడానికి నాకు మనసొప్పడం లేదు, కానీ ఇప్పుడు విమానం ఎక్కితే చదువే ఆగిపోవచ్చు.

రద్దయింది పాస్‌పోర్టులో ఉన్న వీసా. అక్కడ ఉండి చదువుకునే స్టేటస్ వేరు. ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి అర్హత పత్రం) చెల్లుతూ, క్లాసులకు వెళ్తూ ఉంటే మామూలుగా చదువు కొనసాగించుకోవచ్చు. దేశం దాటితే మాత్రం కొత్త వీసా కావాలి. డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు. అవునంటే కాన్సులేట్ వాళ్లు తమ ప్యానెల్ డాక్టర్ దగ్గరికి పంపి, తాగుడు అలవాటుందేమో పరీక్ష చేయిస్తారు. అదెన్నాళ్లు పడుతుందో ఎవరూ మాటివ్వలేరు. లేదని రాస్తే ఇంకా ప్రమాదం: తాగి నడిపిన కేసు కాస్తా అబద్ధం చెప్పి వీసా అడిగిన కేసవుతుంది. ఆ మచ్చ జన్మంతా వెంటాడొచ్చు.

2025 ఏప్రిల్‌లో ఇలాంటి చిన్నాపెద్దా పోలీసు రికార్డులున్న చాలామంది విద్యార్థుల సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ డేటాబేస్) రికార్డులు ఉన్నట్టుండి మూసేశారు. కోర్టుల దాకా వెళ్లాక మళ్లీ తెరిచారు. అందుకే బాబు యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసును తరచూ అడుగుతూ, తన రికార్డు యాక్టివ్‌గా ఉందో లేదో చూసుకోవాలి.

ఇక ఒక కాగితం సంగతి. అరెస్టు రాత్రి పోలీసులు లైసెన్స్ తీసుకుని చేతిలో ఒక కాగితం పెట్టి ఉంటారు. చాలామంది పిల్లలు దాన్ని మడిచి కారులో ఎక్కడో పడేస్తారు. లైసెన్స్ సస్పెండ్ చేస్తున్నామన్న నోటీసు అదే. డాలస్ ఉన్న టెక్సాస్ రాష్ట్రంలో నోటీసు అందిన 15 రోజుల్లోపు హియరింగ్ (విచారణ) అడగాలి, లేకపోతే సస్పెన్షన్ దానంతటదే అమల్లోకి వస్తుంది. మీకు మిగిలింది అయిదు రోజులే. రక్తపరీక్ష చేసి ఉంటే నోటీసు తర్వాత పోస్టులో కూడా రావచ్చు.

లాయర్ విషయంలో ఒక్కటి గట్టిగా చెబుతాను. మొదటి కేసు, రక్తంలో ఆల్కహాల్ 0.15 శాతం కంటే తక్కువ అయితే టెక్సాస్‌లో 2019 నుంచి ‘డిఫర్డ్’ అనే వెసులుబాటు (తప్పు ఒప్పుకున్నాక తీర్పు వాయిదా వేసి, షరతులు పాటిస్తే కేసు మూసేయడం) ఉంది. లాయర్ ‘శిక్ష పడినట్టు కాదు’ అంటాడు. రాష్ట్ర చట్టం ప్రకారం నిజమే. ఇమిగ్రేషన్ చట్టం మాత్రం, తప్పు ఒప్పుకుని కోర్టు షరతులకు లోబడితే దాన్ని శిక్షగానే లెక్కిస్తుంది. కాబట్టి ఇమిగ్రేషన్ లాయర్ చూడకుండా దేని మీదా సంతకం పెట్టవద్దనండి. ఇద్దరు లాయర్ల ఫీజు బరువే, అయినా ఇక్కడ పొదుపు చేయకండి.

ఇన్సూరెన్స్ గురించి మీరు విన్నది నిజం. శిక్ష పడితే, కారుకు ఇన్సూరెన్స్ ఉందని చూపే ‘ఎస్‌ఆర్-22’ అనే సర్టిఫికెట్‌ను ఇన్సూరెన్స్ కంపెనీ ద్వారా రాష్ట్రానికి పంపించి రెండేళ్లు నిలబెట్టుకోవాలి. మధ్యలో ప్రీమియం కట్టడం మానేస్తే కంపెనీయే రాష్ట్రానికి చెబుతుంది, లైసెన్స్ మళ్లీ పోతుంది. కొన్ని కంపెనీలు రెన్యువల్ దగ్గరే వద్దంటాయి, ఉంచుకున్నవి ప్రీమియం పెంచుతాయి. దీనికితోడు కోర్టు జరిమానా 2,000 డాలర్ల దాకా, రాష్ట్రానికి వేరుగా 3,000, ఆల్కహాల్ 0.15 శాతం, ఆపైన ఉంటే 6,000. డాలస్ పక్కనున్న ప్లానో, ఇర్వింగ్ వైపు కారు లేకుండా ఉద్యోగానికి వెళ్లిరావడం ఎంత కష్టమో అక్కడ మీ బంధువులుంటే అడగండి.

డబ్బు ఎలాగోలా తీరుతుంది. అరెస్టు సంగతి మాత్రం వీసా ఫారంలో, రేపు గ్రీన్‌కార్డు ఫారంలో, కేసు కొట్టేసినా సరే, చెప్పాల్సిందే. ఉద్యోగంలో బ్యాక్‌గ్రౌండ్ చెక్ అప్పుడు అడిగింది సరిగ్గా చదివి నిజం రాయాలి. కేసు ముగిశాక కోర్టు ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీలు నాలుగైదు తీసి మీ దగ్గర కూడా ఒకటి పెట్టుకోండి.

ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు తిట్టకండమ్మా, భయపడితే విషయాలు దాస్తాడు. ముందు ఆ కాగితం వెతికించి, దాని మీద తేదీ చదివించండి.