కుక్కకు ప్లాస్టిక్ ఇల్లు: సైజు కన్నా ముందు గాలి రంధ్రాలు చూడండి

ఆరు నెలల మగ లాబ్రడార్ పిల్లకు పెరట్లో పెట్టడానికి ప్లాస్టిక్ ఇల్లు కొనాలనుకుంటున్నామని, ఎంత పెద్దది తీసుకోవాలో చెప్పమని అడిగారు. కొలతల సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే నా దృష్టిలో ఈ వ్యవహారంలో అదే తేలికైన భాగం. మగ లాబ్రడార్ ఎదిగాక భుజం దగ్గర సుమారు 22 నుంచి 24 అంగుళాల ఎత్తు ఉంటుంది కాబట్టి, ఇప్పటి పిల్లను కాకుండా రేపటి కుక్కను దృష్టిలో పెట్టుకుని కొనండి. అది లోపల తల వంచకుండా నిలబడగలగాలి, ఇబ్బంది లేకుండా చుట్టూ తిరగగలగాలి, కాళ్లు చాపి పడుకోగలగాలి. ద్వారం మాత్రం కుక్కంత ఎత్తు ఉండనక్కరలేదు. లోపలికి వెళ్లేటప్పుడు కుక్క ఎలాగూ తల దించుతుంది కనుక భుజం ఎత్తులో ముప్పాతిక వంతు ఉన్నా సరిపోతుంది, పైగా ద్వారం చిన్నదైనకొద్దీ వాన జల్లు లోపలికి తక్కువ కొడుతుంది. అలాగని మరీ భవనం లాంటిదీ వద్దు. చలికాలంలో ఆ గదిని వెచ్చబెట్టేది కుక్క ఒంటి వేడి ఒక్కటే.

ఇక్కడే నాకొక ఫిర్యాదు ఉంది. అమ్మేవాళ్లు చాలామంది బయటి కొలతలే ఇస్తారు. గోడ రెండు పొరలుగా ఉండి మధ్యలో ఫోమ్ నింపిన రకమైతే లోపలి చోటు అన్ని వైపులా తగ్గిపోతుంది, ఆ సంగతి పెట్టె విప్పేదాకా తెలియదు. 'మీడియం', 'లార్జ్' అనే మాటలకైతే అందరూ ఒప్పుకున్న అర్థమేదీ లేదు. లోపలి పొడవు, వెడల్పు, ఎత్తు అంగుళాలలో రాసి లేని ఇంటిని, ఫోటోలో ఎంత ముద్దుగా కనిపించినా, నేను పరిగణనలోకే తీసుకోను.

ఇక నేను అసలు చెప్పదలచుకున్నది గాలి గురించి. మా మోతీకి మా బావగారు కానుకగా ఒక ప్లాస్టిక్ ఇల్లు పంపించారు. ముదురు గోధుమ రంగు, ఒకే పొర గోడ, ఎర్రటి కప్పు, ద్వారం మీద ఎముక బొమ్మ. చూసిన ప్రతివారూ మెచ్చుకున్నారు, ఒక్క మోతీ తప్ప. అది ద్వారం దాకా వెళ్లి, ముక్కు లోపలికి పెట్టి, వెనక్కి వచ్చి, ఆ ఇంటి పక్కనున్న సన్నని నీడలోనే పడుకునేది. కుక్కకు బుద్ధి లేదని, అలవాటు చేయాలని ఇంట్లోవాళ్లు బిస్కెట్లు లోపల వేసి చూశారు. అది మెడ సాచి, నడుము బయటే ఉంచి, వాటిని అందుకుని తినేసేది. చివరకు ఒక మధ్యాహ్నం నేనే మోకాళ్ల మీద కూర్చుని తల, భుజాలు లోపలికి దూర్చాను. కొత్త ప్లాస్టిక్ వాసన గొంతుకు పట్టింది, కప్పు వైపు నుంచి ముఖం మీదికి వేడి దిగింది, అరచేయి ఆనించిన గోడ చురుక్కుమంది. వెనుక గోడకు ఎక్కడా ఒక్క రంధ్రం కూడా లేదు. నేను బయటికి రాగానే మోతీ తోక ఊపిన తీరు చూస్తే, ఇన్నాళ్లకు ఈ మనిషికి అర్థమైందని సంతోషించినట్టే ఉంది.

కుక్క శరీర ఉష్ణోగ్రత మామూలుగా 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. చుట్టూ ఉన్న గాలి అంతకన్నా వేడెక్కితే ఒంట్లోని వేడి దానంతట అది బయటికి పోదు. నోరు తెరిచి రొప్పుతూ తడిని ఆవిరి చేసుకోవడమే కుక్కకు మిగిలిన మార్గం. మూసిన ప్లాస్టిక్ గదిలో ఆ ఆవిరి బయటికి పోయే దారి లేక అక్కడే నిలిచిపోతుంది, గాలి తేమెక్కినకొద్దీ రొప్పడం వల్ల ప్రయోజనం తగ్గిపోతుంది. అందుకే ద్వారానికి ఎదురు గోడలో, చూరు కింద, పై భాగాన రంధ్రాలు ఉండాలి. వేడి గాలి పైకే పోతుంది కనుక కింద పెట్టిన రంధ్రాలు అలంకారానికే పనికివస్తాయి. రంధ్రాలున్నా సరే, ఆ ఇంటిని ఎండలో పెట్టకండి. ఏ ప్లాస్టిక్ ఇల్లయినా వానకూ చలికీ రక్షణే తప్ప, నడి ఎండకు చెట్టు నీడతో సాటి రాదు.

నేల విషయంలోనూ ఇంతే పట్టుదలగా ఉండండి. నేలకు నాలుగు వేళ్ల ఎత్తున లేచి ఉన్న అడుగు కావాలి, లేకపోతే వాన నీరు కిందుగా చేరి పడకను తడుపుతుంది. అడుగు మరీ నున్నగా ఉంటే కుక్క లేచేటప్పుడు కాళ్లు జారతాయి. కీళ్ల బాధలు ఎక్కువగా కనిపించే లాబ్రడార్ జాతికి అది మంచిది కాదు.

ప్లాస్టిక్‌లోనూ రకాలున్నాయి. అడుగున త్రికోణంలో 2 అంకె ఉంటే అది గట్టి పాలీఇథిలీన్, 5 ఉంటే పాలీప్రొపిలీన్. గడ్డకట్టే చలిలో మామూలు పాలీప్రొపిలీన్ పెళుసుబారుతుంది కాబట్టి చలి ప్రాంతంవారు మొదటిదే తీసుకోవడం మేలు. ఎండను తట్టుకునే పదార్థం కలపని ప్లాస్టిక్ ఏదైనా కొంతకాలానికి వెలిసిపోయి, వేలితో రుద్దితే తెల్లని పొడి రాలుస్తుంది. ఆ దశకు వచ్చిన గోడ చిన్న దెబ్బకే పగులుతుంది. నల్ల ప్లాస్టిక్‌లో కలిపే కార్బన్ బ్లాక్ ఈ క్షీణతను బాగా అడ్డుకుంటుంది గానీ, నలుపు వేడిని పీల్చుకుంటుంది, కాబట్టి లేత రంగులో ఎండకు తట్టుకునేలా చేసినదాన్నే వెతకాలి.

ఇన్ని లోపాలు చెప్పి కూడా నేను చెక్క వైపు మొగ్గకపోవడానికి కారణం గోమార్లు. చెక్క సందుల్లో అవి దాక్కుంటే వదిలించడం గగనం, ప్లాస్టిక్ అయితే విప్పి సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టవచ్చు. అందుకే స్క్రూలతో కాకుండా క్లిప్పులతో కప్పు ఊడి వచ్చే రకం కొనండి. తేలికగా ఉంటుంది కాబట్టి పెనుగాలికి దొర్లిపోకుండా మేకులతో నేలకు బిగించే ఏర్పాటు కూడా ఉండాలి.

మీ పిల్లది ఇంకా నమిలే వయసు. ద్వారం అంచు పలుచగా, పళ్లకు అందేలా ఉంటే కొరికి ముక్కలు మింగుతుంది, అవి పేగుల్లో అడ్డుపడవచ్చు. మందంగా, గుండ్రంగా మడిచిన అంచు ఉన్నది ఎంచుకోండి. తెచ్చిన వెంటనే లోపలికి తోయకుండా, కప్పు తీసేసి కింది భాగంలో దాని పాత పడక వేసి కొన్నాళ్లు అలాగే వదిలేయండి, తనంతట తాను అందులో నిద్రపోవడం మొదలుపెట్టాక కప్పు బిగించండి.