పాఠకుల ప్రశ్నలు: ఓడ సిమ్యులేటర్‌లో ఏం నేర్పుతారు?

మర్చంట్ నేవీ కోర్సుల్లో పిల్లలను చేర్పించిన, చేర్పించాలనుకుంటున్న తల్లిదండ్రుల నుంచి, ఆ పిల్లల నుంచి నల్గొండ, పాలమూరు వైపు ఉత్తరాలు బాగా వస్తున్నాయి. సముద్రం కనిపించని జిల్లాలు కాబట్టి అనుమానాలు ఎక్కువే. ఈసారి భద్రతా శిక్షణ గురించి అడిగినవి తీసుకున్నాం.

దేవరకొండ నుంచి ఒక తండ్రి: మా చిన్నోడు ఓడల కోర్సుల చేరిండు. ఫోన్ చేసినప్పుడల్లా ‘ఇయ్యాల సిమ్యులేటర్ల ఓడ నడిపిన’ అంటడు. ఏసీ గదిల కూసొని తెర ముందట చక్రం తిప్పితే సముద్రం మీద పని వస్తదా? ఇంత ఫీజు గందుకేనా?

జవాబు: మీ అనుమానంలో సగం న్యాయం ఉంది. మిగతా సగానికి జవాబు ఇది.

ఓడ నడిపే గదిని బ్రిడ్జి అంటారు. దాని నమూనానే మీ అబ్బాయి చెబుతున్న సిమ్యులేటర్. చుట్టూ తెరలు ఉంటాయి కానీ చుక్కాని చక్రం, ఇంజిన్ వేగం మార్చే మీట, రాడార్, వేరే ఓడలతో, రేవుతో మాట్లాడే వీహెచ్‌ఎఫ్ రేడియో ఓడ మీద ఉన్నట్టే ఉంటాయి. ఇన్‌స్ట్రక్టర్ పక్క గదిలో కూర్చుని పొగమంచు దించుతాడు, గాలి పెంచుతాడు, ఉన్నట్టుండి చుక్కాని పనిచేయకుండా చేస్తాడు. నిజం ఓడ మీద చుక్కానిని కావాలని చెడగొట్టి నేర్పడం కుదరదు కదా. నావికుల శిక్షణకు అంతర్జాతీయ ఒప్పందం ఎస్‌టీసీడబ్ల్యూ ఉంది. 1978లో వచ్చింది, 1995లో, 2010లో పెద్ద మార్పులు జరిగాయి. అధికారులకు రాడార్ శిక్షణ సిమ్యులేటర్ మీదే ఇవ్వాలన్న నిబంధన 1995 మార్పులతో వచ్చింది.

ఒక అభ్యాసం చూడండి. మనిషి ఓడ మీంచి నీళ్లలో పడ్డాడు. పెద్ద ఓడకు బ్రేకులుండవు, నిలబడేసరికి మైలు దాటిపోవచ్చు. అందుకని విలియమ్‌సన్ టర్న్ నేర్పుతారు. మనిషి పడ్డ వైపుకే చుక్కాని పూర్తిగా తిప్పాలి, అప్పుడు ఓడ వెనుకభాగం, ప్రొపెల్లర్ అతనికి దూరంగా జరుగుతాయి. దిశ 60 డిగ్రీలు మారగానే చుక్కాని పూర్తిగా ఎదుటి వైపుకు వేయాలి. వచ్చిన దారికి సరిగ్గా ఎదురు దిశ ఇంకో 20 డిగ్రీలు ఉందనగా చుక్కానిని మధ్యకు తేవాలి. ఓడ తన దారినే వెనక్కి పడుతుంది. కాగితం మీద మూడే మెట్లు. సిమ్యులేటర్‌లో పిల్లలు తప్పేది మాత్రం ఈ లెక్కల్లో కాదు. అందరి కళ్లూ దిక్సూచి మీదే ఉంటాయి, నీళ్లలో ఉన్న మనిషి మీద ఎవరి చూపూ ఉండదు. అలల మధ్య తల ఒక్కసారి కనుమరుగైతే మళ్లీ దొరకడం కష్టం. ఒకరు వేరే ఏ పనీ పెట్టుకోకుండా వేలు అటే చూపిస్తూ నిలబడాలి.

ఇక సిమ్యులేటర్‌కు రానివి. సెగ రాదు, పొగ వాసన రాదు, నీళ్లతో నిండిన ఫైర్ హోస్ బరువు భుజం మీద పడదు. వాటికి నిజం మంట, నిజం నీళ్ల కొలను ఉండాల్సిందే. ఫీజు గురించి మీరు సంస్థను అడగాల్సింది తెర ఎంత పెద్దదని కాదు. గంట అభ్యాసం తర్వాత దాన్ని మళ్లీ ఆడించి, ఎవరు ఏ నిమిషంలో ఏం చేశారో చూపిస్తూ ఎంతసేపు మాట్లాడతారో అడగండి. దీన్నే డీబ్రీఫింగ్ అంటారు. అది లేకుండా తెర ఆపేసి ఇంటికి పంపితే మీ అనుమానం పూర్తిగా నిజం: అది వీడియో గేమే.

మిర్యాలగూడ నుంచి రైస్‌మిల్లు బాయిలర్ ఆపరేటర్: ఓడ ఇంజిన్ రూమ్‌ల మంటలు లేస్తే సీవోటూ గ్యాస్ ఇడుస్తరంట. మరి లేసిన నిమిషానికే ఎందుకు ఇడువరు? ఆలస్యం చేస్తే మంట పెరుగుతది కదా?

జవాబు: ఇంజిన్ రూమ్ సిమ్యులేటర్‌లో ఎక్కువ మంది తప్పే చోటు పట్టుకున్నారు. సీవోటూ, అంటే కార్బన్ డయాక్సైడ్, మంటను ఆర్పుతుంది, మనిషి ఊపిరినీ ఆర్పుతుంది. గది ఘనపరిమాణంలో 35 నుంచి 40 శాతానికి సరిపడా వాయువు లోపలికి పోతుంది. అందులో 85 శాతం రెండు నిమిషాల్లోపే దిగిపోవాలని నిబంధన. లోపల ఒక్కరు మిగిలినా కొద్ది శ్వాసల్లోనే కూలిపోతారు. పైగా అది ఒకే దఫాకు సరిపడే సరుకు, వృథా అయితే రెండోసారికి ఉండదు.

సిమ్యులేటర్‌లో తరచూ ఇచ్చే ఆపద: జనరేటర్ డీజిల్ పైపు పగిలి, నూనె వేడి ఎగ్జాస్ట్ మీద చిమ్మింది. 220 డిగ్రీలు దాటి వేడెక్కే ప్రతి ఉపరితలానికీ తొడుగు ఉండాలన్న నియమం ఇందుకే. రిపేరు చేసినవాళ్లు ఆ తొడుగు తిరిగి సరిగ్గా బిగించకపోతే అక్కడే అంటుకుంటుంది. మొదట అలారం, బ్రిడ్జికి కబురు. మంట చిన్నదైతే దగ్గరున్న ఎక్స్‌టింగ్విషర్. లొంగకపోతే అందరూ బయటికి రావాలి, ఆపదలో అందరూ చేరాల్సిన చోట, అంటే మస్టర్ స్టేషన్‌లో, పేరుపేరునా లెక్క జరగాలి. ఈలోగా బయటి నుంచే క్విక్ క్లోజింగ్ వాల్వులు లాగి నూనె ఆపాలి, ఫ్యాన్లు ఆపాలి, డ్యాంపర్లు (గాలి దారుల మూతలు), తలుపులు, పైకప్పు స్కైలైట్ మూయాలి. ఇవన్నీ అయ్యాక కెప్టెన్ ఆజ్ఞ మీద సీవోటూ పెట్టె తెరుస్తారు. తెరవగానే లోపల హెచ్చరిక మోగుతుంది. పెట్టెలో మీటలు రెండు. ఒకటి పైపు వాల్వును తెరుస్తుంది, రెండోది సిలిండర్లను విడుస్తుంది. పొరపాటున చేయి తగిలి గ్యాస్ దిగకుండా ఈ ఏర్పాటు.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, మొదటిది లెక్క. ‘అతను నా వెనకే వచ్చాడు, చూశాను’ అని ఒకరంటారు, జాబితాలో టిక్ పడుతుంది. ఇన్‌స్ట్రక్టర్ ముందే ఆ మనిషిని వర్క్‌షాప్‌లో ఉంచేసి ఉంటాడు. రెండోది, పది డ్యాంపర్లలో ఒకటి తెరిచే ఉండిపోతుంది, గ్యాస్ దాన్లోంచి పోతుంది, గాలి వస్తుంది. మూడోది బ్రిడ్జికి ముందే చెప్పకపోవడం. నూనె ఆపితే మెయిన్ ఇంజిన్, జనరేటర్లు అన్నీ ఆగుతాయి, ఓడ కొట్టుకుపోతుంది. రెండు మైళ్ల దూరంలో రాళ్లుంటే కెప్టెన్ లంగరు సిద్ధం చేసుకోవాలి. ఇంజిన్ రూమ్ సిమ్యులేటర్‌ను బ్రిడ్జి సిమ్యులేటర్‌తో కలిపి ఆడించే చోట ఈ పాఠం బాగా ఎక్కుతుంది. ఎమర్జెన్సీ జనరేటర్, ఎమర్జెన్సీ ఫైర్ పంపు ఇంజిన్ రూమ్‌కు బయట ఉండేది కూడా ఇలాంటి వేళ కోసమే.

నాలుగో తప్పు మీకు చెప్పనక్కర్లేదు, మీ మిల్లు ఊక కుప్పను చూసే ఉంటారు. పైన ఆరినట్టుంటుంది, పారతో కదిపి గాలి తగలనిస్తే భగ్గుమంటుంది. సీవోటూ మంటకు గాలి అందకుండా చేస్తుంది కానీ ఇనుమును చల్లార్చదు. ‘ఆరిందో లేదో చూద్దాం’ అని తలుపు తీస్తే మళ్లీ అంటుకుంటుంది, ఈసారి ఆర్పడానికి గ్యాస్ లేదు. బయటి గోడలకు నీళ్లు కొడుతూ, వాటి వేడి కొలుస్తూ గంటల తరబడి ఆగాలి.

గద్వాల నుంచి డిగ్రీ విద్యార్థి: 2024లో అమెరికాలో ఓడ గుద్ది వంతెన కూలింది కదా. అంత శిక్షణ ఉండి కూడా ఎందుకు ఆపలేకపోయారు?

జవాబు: మార్చి 26న బాల్టిమోర్ రేవు దాటుతుండగా ‘డాలీ’ అనే కంటైనర్ ఓడలో నిమిషాల తేడాతో రెండుసార్లు కరెంటు పోయింది. ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన స్తంభాన్ని ఓడ ఢీకొంది. వంతెన మీద రోడ్డు రిపేరు చేస్తున్న ఆరుగురు చనిపోయారు. ఓడ నుంచి వెళ్లిన రేడియో హెచ్చరికతో పోలీసులు వాహనాలను ఆపేశారు కాబట్టి నష్టం అక్కడితో ఆగింది. సిబ్బందిలో ఎక్కువ మంది మనవాళ్లే.

అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చిన కారణం: స్విచ్‌బోర్డులో ఒక తీగ సరిగ్గా బిగియలేదు. తీగ చివర ఉన్న లేబుల్ అడ్డుపడి అది పూర్తిగా లోపలికి దిగలేదు. మొదటిసారి కరెంటు పోయింది అందుకే. రెండోసారి కరెంటు పోయింది జనరేటర్లకు ఇంధనం అందక. ఇంధనం తోడేందుకు వాడుతున్న పంపు కరెంటు వచ్చాక తనంతట తాను తిరిగి లేచే రకం కాదు. మన బాయి మోటర్లకు ఆటోమేటిక్ స్టార్టర్లు ఉంటే కరెంటు రాగానే అన్నీ ఒక్కసారే లేచి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే బాధ మనకు తెలుసు. ఓడల్లో అలా కాకుండా ముఖ్యమైన పంపులు వరుసగా, కొన్ని సెకన్ల తేడాతో లేచే ఏర్పాటు ఉంటుంది. ఆ వరుసలో లేని పంపును వాడితే ఏమవుతుందో డాలీ చూపించింది.

తీగ ఊడకుండా సిమ్యులేటర్ ఆపలేదు. అది స్క్రూడ్రైవర్, టార్చి పని. బ్లాకౌట్ తర్వాత మొదటి రెండు నిమిషాలు ఎలా ఉండాలో మాత్రం అలవాటు చేయగలదు. ఎమర్జెన్సీ జనరేటర్ 45 సెకన్లలోపు లోడు తీసుకోవాలి. ఈలోగా బ్రిడ్జిలో లంగరుకు మనిషిని పంపడం, ఓడ అదుపులో లేదని చూపే రెండు ఎర్ర దీపాలు ఒకదాని కింద ఒకటి వేయడం, ఆపద కబుర్లకు వాడే వీహెచ్‌ఎఫ్ 16వ ఛానెల్‌లో చెప్పడం జరిగిపోవాలి. కింద ఇంజిన్ రూమ్‌లో ఉండే ఆత్రం వేరు: జనరేటర్ ఎందుకు ట్రిప్ అయిందో చూడకుండా రీసెట్ నొక్కి మళ్లీ నడపడం. కారణం అక్కడే ఉంటే మళ్లీ ట్రిప్ అవుతుంది.

నాగర్‌కర్నూల్ నుంచి ఒక పాఠకురాలు: పాత బాయిల దిగినోడు పడిపోతే తీయనీకి దిగినోళ్లు కూడ పోవుడు మా దిక్కు వింటనే ఉంటం. ఓడల ట్యాంకులల్ల కూడ ఇట్లనే అయితదంట. నిజమేనా? దీన్ని కంప్యూటర్ల నేర్పొస్తదా?

జవాబు: నిజమే, అదే వరుసలో జరుగుతుంది. మూసి ఉంచిన ఇనుప ట్యాంకులో తుప్పు పట్టడమే ఆక్సిజన్‌ను తినేస్తుంది. బొగ్గు, కలప లాంటి సరుకులూ అంతే. బాయిలో డీజిల్ ఇంజిన్ దించి నీళ్లు తోడితే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దీపం దించి చూసే పాత పద్ధతి చాలదు. ఆక్సిజన్ సుమారు 16 శాతానికి పడితే దీపం ఆరుతుంది నిజమే, కార్బన్ మోనాక్సైడ్ ఉన్న చోట మాత్రం నిశ్చింతగా వెలుగుతూనే ఉంటుంది. ఓడ మీద గ్యాస్ మీటర్ గొట్టాన్ని పైన, మధ్యన, అడుగున దించి మూడు చోట్లా చూస్తారు. ఆక్సిజన్ 21 శాతం దగ్గర ఉండాలి. మండే వాయువు, అంటుకోవడానికి కావాల్సిన కనీస మోతాదులో ఒక శాతానికి మించకూడదు.

కంప్యూటర్‌తో మీటర్ చదవడం, ట్యాంకులోకి దిగేందుకు అనుమతి పత్రం (పర్మిట్) నింపడం నేర్పవచ్చు. మనిషిని పైకి తేవడం మాత్రం చీకటి ఇనుప పెట్టె కట్టి, బరువైన బొమ్మను లోపల పడేసి నేర్పాల్సిందే. గాలి లెక్క కూడా అక్కడే ఒంటపడుతుంది. లోపలికి దిగేవాళ్లు వీపున కట్టుకునే ఆరు లీటర్ల గాలి సిలిండర్‌లో 300 బార్ ఒత్తిడి ఉంటే 1,800 లీటర్ల గాలి. నిమిషానికి 40 లీటర్లు పీల్చితే 45 నిమిషాలు రావాలి. భయంతో, బరువు మోస్తూ 60 పీలిస్తే అరగంటకే ఖాళీ. 55 బార్ దగ్గర విజిల్ మోగేది బయటికి రమ్మని కాదు, ఆపాటికి బయట ఉండాల్సిందని. ట్యాంకు మూత దగ్గర నిలబడ్డ కాపలా మనిషి ఏం జరిగినా లోపలికి దిగకూడదు, అలారం ఇవ్వడమే అతని పని. ఈ డ్రిల్లు ఓడ మీద రెండు నెలలకోసారి చేయాలన్న నియమం 2015 నుంచి ఉంది. మన బాయిల దగ్గర ఆ కాపలా మనిషే ఉండడు.

కొల్లాపూర్ నుంచి: మా సోమశిల లాంచీలోళ్లకు ఇసొంటి శిక్షణ అక్కెర ఉంటదా?

జవాబు: శిక్షణ కావాలి, ఖరీదైన సిమ్యులేటర్ అక్కర్లేదు. నీళ్లు నింపిన 20 లీటర్ల డబ్బాకు పాత లైఫ్ జాకెట్ కట్టి నదిలో విసిరితే చాలు, మనిషి పడ్డట్టే. పడ్డ వైపుకే తిప్పాలి, దగ్గరికి వచ్చేటప్పుడు గాలికి ఎదురుగా రావాలి, చేతికందే దూరంలో ఇంజిన్ న్యూట్రల్‌లో ఉండాలి. పర్యాటకులందరూ ఫొటోల కోసం ఒకే పక్కకు, పై అంతస్తుకు ఎగబడితే బరువు పైకి పోయి లాంచీ ఒరుగుతుంది. ఎక్కించేటప్పుడే ఇది చెప్పాలి. జాకెట్లు సీటు కింద మూటకట్టి ఉంటే లేనట్టే లెక్క.

నల్గొండ నుంచి: కోర్సు అయిపోయింది. ఏజెంటు ‘లక్షలు కట్టు, ఓడ ఎక్కిస్తా’ అంటున్నాడు. కట్టాలా?

జవాబు: వద్దు. ఓడ ఉద్యోగం ఇప్పించే సంస్థకు డీజీ షిప్పింగ్ (ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ కార్యాలయం) ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్, అంటే నావికుల నియామక లైసెన్సు ఉండాలి. నావికుడి దగ్గర ఉద్యోగం కోసం డబ్బు తీసుకోవడం అంతర్జాతీయ నిబంధనలకే విరుద్ధం. లైసెన్సు నంబరు అడిగి డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. నంబరు అడగగానే ఫోన్ పెట్టేస్తే మీ పని తేలికైనట్టే.

వనపర్తి నుంచి ఇంటర్ విద్యార్థి: నాకు ఈత రాదు. మా దోస్తుకు బాయిలో నేర్చుకున్న ఈత బాగా వచ్చు. పర్సనల్ సర్వైవల్ టెక్నిక్స్ కోర్సులో నేను ఫెయిలవుతానా?

జవాబు: ఓడ వదలాల్సి వస్తే నీళ్లలో ప్రాణం కాపాడుకోవడం నేర్పే కోర్సు అది. అందులో లైఫ్ జాకెట్ వేసుకుని ఈదడం, జాకెట్ లేకుండా కాసేపు తేలడం, ఎత్తు నుంచి దూకడం, బోర్లాపడ్డ లైఫ్ రాఫ్ట్‌ను (ప్రాణరక్షణ తెప్పను) తిప్పడం అన్నీ చేయాలి. కాబట్టి ఇప్పటి నుంచే నేర్చుకోండి. తేలడం వస్తే భయం సగం పోతుంది. మీ దోస్తుకు వేరే చిక్కుంది: బాయిలో తల ముందు పెట్టి దుంకే అలవాటు మానుకోవాలి. జాకెట్‌తో తల ముందు పెట్టి దూకరు. కింద ఎవరూ లేరని చూసి, ఒక చేత్తో ముక్కు, నోరు మూసుకుని, రెండో చేయి దాని మీదుగా వేసి జాకెట్‌ను గట్టిగా కిందికి పట్టి, చూపు ఎదురుగా ఉంచి, ఒక అడుగు ముందుకేసి కాళ్లు దగ్గరగా పెట్టి పడాలి. పట్టు వదిలితే నీళ్లు తగలగానే జాకెట్ ఎగదన్ని గదవకు కొడుతుంది.