ద సీ, ద సీ: హార్ట్‌లీ చార్ల్స్‌తో ఎందుకు వెళ్ళదు అన్న డౌట్‌కి

హార్ట్‌లీ అంటే చార్ల్స్ కుర్రతనంలో ప్రేమించిన అమ్మాయి, ఇప్పుడు వేరొకరి భార్య. మీరు చార్ల్స్ చెప్పిందల్లా నమ్మేస్తున్నారు, తేడా అక్కడే. 1978లో వచ్చిన ఈ ఐరిస్ మర్డాక్ నవల మొత్తం చార్ల్స్ తన కథ తానే రాసుకున్నట్టు ఉంటుంది, వేరే సాక్షి లేడు.

1. నాటకాల డైరెక్టర్‌గా రిటైరయ్యి, ఇక అహం వదిలేస్తా అని సముద్రం పక్కన ఇల్లు కొన్నాడు కదా, అక్కడా అందర్నీ డైరెక్ట్ చేస్తూనే ఉంటాడు.

2. చాలామంది మిస్సయ్యేది ఇదే. హార్ట్‌లీ స్వయంగా అన్న మాటలు వేరు, వాటికి ఇతను చెప్పే అర్థం వేరు, రెండూ విడదీసి చదవండి. చార్ల్స్ తనని గదిలో పెట్టి తాళం వేశాక ఆమె ఇంటికి పోతా పోతా అంటూనే ఉంటుంది, ఈయనేమో అదంతా మొగుడి భయం అనుకుంటాడు, పైగా కాపాడుతున్నాడట!

3. కజిన్ జేమ్స్ సీన్లు స్పీడుగా తిప్పేయకండి, చార్ల్స్‌ని నిలదీసేవాళ్ళలో అతనొకడు.

చార్ల్స్ తన తిండి గురించి రాసుకున్న పేజీలు ఓపికుంటేనే చదవండి.